మొండిఘటం బాక్సు

జూన్ 2

ఈ పుస్తకం కొలతలు రాసుకోవడానికి కొన్నది. మొదటి నాలుగు పేజీల్లో అవే ఉన్నాయి. అయిదో పేజీలో ఇది రాస్తున్నాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి నా కోడిగీతలు ఎలా ఉన్నా ఫర్వాలేదు.

తమ్ముడు పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. గుండె. షెడ్డులో గోడకి అవతల, వాడి బల్ల దగ్గర. నేను ఇవతల ఉన్నాను. మధ్యలో ఉన్న గోడ నేను కట్టిందే. రెండు వైపులా పద్దెనిమిది మిల్లీమీటర్ల చెక్క, లోపల స్పాంజి, అతుకులన్నిటికీ జిగురు. ముప్పై ఏళ్ళుగా కార్లకి స్పీకర్ బాక్సులు చేసి బతుకుతున్నవాడు కట్టిన గోడ. దాన్ని ఏ చప్పుడూ దాటదు. పైగా ఆ టైముకి నా వైపు మిషన్ నడుస్తోంది. ఎదురు దుకాణంలో కార్ల సీట్లు కుట్టే మేస్త్రి వచ్చి నా భుజం పట్టి ఊపేదాకా నాకు తెలియలేదు. నా చోట్లో ఎవరున్నా తెలిసేది కాదు.

ఇది రాసి పెట్టుకోవాలనిపించింది. రాశాను.

మధ్యాహ్నం మరదలు వచ్చింది. తమ్ముడి వైపు షట్టరు తీసి, బల్ల మీదున్న కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నాలుగు స్పీకర్ల బాక్సు డ్రాయింగు.

"బావగారూ, ఆయన చేతిలో ఉన్న ఆఖరి పని ఇది. స్పీకర్లు కూడా తెప్పించి పెట్టుకున్నారు. సగంలో వదిలేస్తే నాకు మనసొప్పదు. మీరు చెయ్యండి," అంది.

బాగా దగ్గరికి వచ్చి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. దుఃఖంలో ఉన్న మనిషి అలాగే మాట్లాడుతుంది కాబోలు.

"ఎవరి బండికమ్మా?" అన్నాను.

"నాకు చెప్పలేదండీ. మూల ఏదో పేరుంది చూడండి."

మూల 'మొండిఘటం' అని ఉంది. మాకు కస్టమర్ల అసలు పేర్లు నిలవవు, మేం పెట్టిన పేర్లే నిలుస్తాయి. షెడ్డు ఒకటిగా ఉన్న రోజుల్లో ఇద్దరం కూర్చుని పెట్టేవాళ్ళం. తుమ్ముల లాయరు. గంట లేటు మేనేజరు. హారన్ టీచరమ్మ. ఈ మొండిఘటం గోడ లేచాక వచ్చినవాడై ఉంటాడు. నాకు తెలియదు.

చేస్తానన్నాను.


జూన్ 4

డ్రాయింగు ముందేసుకుని కూర్చున్నాను. కూర్చున్నకొద్దీ ఒళ్ళు మండింది.

నాలుగు స్పీకర్లు, ఎనిమిదేసి అంగుళాలవి. నాలుగింటికీ కలిపి ఒకే గది. వాడి పాత జబ్బు. ఎన్ని స్పీకర్లున్నా అన్నిటికీ ఒకే గాలి ఉండాలి అంటాడు వాడు. దేని గది దానికి ఉండాలి, మధ్యలో చెక్క ఉండాలి అంటాను నేను. ఒకే గదిలో పెడితే, వాటిలో ఒకటి చచ్చిందనుకో, మిగతా మూడూ కొట్టే గాలికి చచ్చినది కూడా ఊగుతూనే ఉంటుంది. చూసేవాడికి నాలుగూ పాడుతున్నట్టే కనిపిస్తుంది. అదనపు చోటు దొరికి మిగతావి హద్దు దాటి ఊగి, అవీ చిరుగుతాయి. మధ్యలో చెక్క ఉంటే ఒకదాని చావు ఇంకోదానికి అంటదు. ఇరవై రెండేళ్ళు ఇదే తగువు మా ఇద్దరికీ.

ఇది రాశాక లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

లెక్క మాత్రం సరిగ్గా ఉంది. ఒక్కోదానికి పన్నెండు లీటర్ల గాలి, నాలుగింటికి నలభై ఎనిమిది. స్పీకర్ ఒళ్ళు కూడా లోపల చోటు తింటుంది కనక ఒక్కోదానికి ఇంకో లీటరు. లోపలి బిగింపు పట్టీలకి మూడు. మొత్తం యాభై అయిదు. వాడి లెక్కా యాభై అయిదే. లెక్క నేర్పింది నేనే కదా.

మిగతాదే అంతా తప్పు. మొదటిది, బాక్సు డిక్కీలో కాదు, డ్రైవరు సీటు వెనక నిలువుగా పెట్టాడు. రెండు స్పీకర్ల మొహాలు సీటు వీపుకి, రెండు వేళ్ళ ఎడంలో. మిగతా రెండూ నేలకి. సీటు స్పాంజికి అంత దగ్గరగా పెడితే స్పీకర్ మొహం మీద దిండు పెట్టి నొక్కినట్టే.

రెండోది, రబ్బరు లేదు. బాక్సు బండి ఇనుముకి తగలకూడదు, మధ్యలో రబ్బరు వెయ్యాలి, లేకపోతే బండంతా వణుకుతుంది అన్నది వాడికి నేను నేర్పిన మొదటి పాఠం. వీడు నాలుగు బోల్టులు తిన్నగా సీటు చట్రానికే దింపాడు.

మూడోది, కటింగు, అంటే ఏ నంబరు శబ్దం దాకా బాక్సులోకి వదలాలో ఆ హద్దు, నూట ఇరవై అని రాశాడు. ఎనభై దాటిన శబ్దం ఏదీ ఈ బాక్సులోకి రాకూడదు. నూట ఇరవై దాకా వదిలితే మగగొంతులు వచ్చి పడతాయి. పాట పాడేవాడు పీపాలో కూర్చుని పాడినట్టు ఉంటుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ పిచ్చివాడూ నూట ఇరవై అడగలేదు.

ఒంట్లో బాగాలేనప్పుడు గీసి ఉంటాడు. పాపం ఎవరికీ చెప్పుకోలేదు.


జూన్ 5

గోడ మళ్ళీ కొలిచాను. పద్దెనిమిదే. రెండు పొరలు.


జూన్ 6

ఆ రోజు నా వైపు రూటర్ మిషన్ నడుస్తోంది. చెక్క అంచు గుండ్రం చేస్తున్నాను.


జూన్ 9

మొండిఘటం ఎవరో దొరకలేదు. తమ్ముడి ఆర్డర్ల పుస్తకం రెండుసార్లు తిరగేశాను. అందులో ఆ పేరే లేదు.

మా ఆవిడని అడిగితే ఏదో గొణిగింది. ఈ మధ్య ఇంట్లో అందరికీ గొణగడం అలవాటైంది. టీవీ కూడా గొణుగుతోంది. ఫోన్లో మనుషులు నీళ్ళలోంచి మాట్లాడుతున్నారు. కొత్త ఫోన్లన్నీ ఇంతే, పైన సోకు, లోపల స్పీకరు బఠాణీ గింజంత. షెడ్డు వెనక చెట్టు మీద పిట్టలు ఒకటే గోల చేసేవి, ఈ ఏడు అవి కూడా రావడం మానేశాయి.

మరదలు మెసేజి పెట్టింది. 'సీట్ల మేస్త్రికి తెలిసి ఉంటుంది బావగారూ, ఆయన అక్కడికి తెగ వెళ్ళేవారు.'

మేస్త్రి దుకాణం ఎదురుగానే. రోడ్డు దాటితే చాలు. దాటలేదు. అతన్ని చూస్తే ఒకటి అడగాలనిపిస్తుంది. గోడ ఇవతల ఉన్న నాకు తెలియనిది రోడ్డు అవతల ఉన్న నీకు ఎలా తెలిసిందయ్యా అని.

అడగను. తెలిసి ఏం చేస్తాను.


జూన్ 12

డ్రాయింగు నేనే సరిదిద్దాను. బాక్సు డిక్కీలోకి మార్చాను, నాలుగు మొహాలూ వెనక్కి. మధ్యలో మూడు చెక్కలు, నాలుగు గదులు. కింద రబ్బరు. కటింగు ఎనభై. మొండిఘటం ఎవరైనా సరే, వచ్చి మొక్కాలి నాకు.

కొత్త చెక్క తెప్పించి కోత మొదలుపెట్టాను. రూటర్ ఆన్ చేసే ముందు నోటి వెంట "ఒరేయ్" అని వచ్చేసింది. స్విచ్చి మీద వేలు అలాగే ఉండిపోయింది.

అది మా షెడ్డు పద్ధతి. మిషన్ ఆన్ చేసినా, స్పీకర్‌కి కరెంటు వదిలినా, ముందు పిలవాలి. రెండోవాడు 'ఆఁ' అనాలి. 'ఆఁ' వచ్చేదాకా వేలు కదలకూడదు. రెండోవాడి చెయ్యి బ్లేడు దగ్గరుండొచ్చు, చెవి స్పీకర్ దగ్గరుండొచ్చు. ఇరవై రెండేళ్ళకి ఇద్దరికీ పదేసి వేళ్ళు మిగిలాయంటే అందుకే. ఎక్కువసార్లు పిలిచేది వాడు, పలికేది నేను. బాక్సు పరీక్ష చేసే పెన్‌డ్రైవులో కూడా వాడి పిలుపే. "అన్నయ్యా, నలభై" అంటాడు. నా 'ఆఁ' కోసం కాస్త ఖాళీ వదులుతాడు. తరవాత నలభై నంబరు మోత మొదలవుతుంది. "అన్నయ్యా, ముప్పై అయిదు." మళ్ళీ ఖాళీ. కస్టమర్లు చూసి నవ్వుకునేవాళ్ళు, రికార్డుకి జవాబు చెప్తాడేంటీయన అని.

పెన్‌డ్రైవు గోడ కట్టినప్పుడు వాడి వాటాకి పోయింది.

గోడ ఎందుకు కట్టానంటే, రెండేళ్ళ కిందట తుమ్ముల లాయరు బండి దగ్గర నేను వెనకే ఉండగా వాడు అన్నాడు. "ట్యూనింగు నేను చూస్తాను సార్. అన్నయ్యకి ఈ మధ్య చెవి అందడం లేదు." బయటివాడి ముందు. చెవి మీద బతికే మనిషిని. అంతకు ముందు నాతో కూడా అన్నాడనుకోండి, డాక్టరుకి చూపిద్దాం అని, అయిదారుసార్లు. నేను పట్టించుకోలేదు. ఇంట్లో అన్నది వేరు, వీధిలో అన్నది వేరు.

ఆ ఆదివారం ఒక్కరోజులో గోడ లేపాను. వాడు అవతల నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఆఖరి చెక్క బిగించబోతుంటే ఆ సందులోంచి నా మొహంలోకి చూసి "అన్నయ్యా" అన్నాడు.

నేను 'ఆఁ' అనలేదు. చెక్క బిగించాను.


జూన్ 15

బాక్సు ఆకారానికి వచ్చింది. అతుకులు బాగా కుదిరాయి. మరదలు చూడటానికి వచ్చింది. చుట్టూ తిరిగింది. కాగితం తీసి పక్కన పెట్టుకుని చూసింది.

"ఇది ఆయన గీసింది కాదు బావగారూ."

"తప్పులున్నాయమ్మా. దిద్దాను."

"తప్పులా?" అంది. "ఏడాది గీశారండీ దీన్ని. గీయడం, తుడవడం, మళ్ళీ గీయడం. అన్నం దగ్గర కూడా ఇదే ధ్యాస. కుర్చీలో వెనక్కి ఆనుకుని, రేడియో వీపుకి పెట్టుకుని కూర్చునేవారు. పిచ్చి పట్టిందా అంటే నవ్వేవారు. అన్ని తప్పులు ఏడాదిపాటు ఎలా చేస్తారు?"

"వాడి కంటే నాకు ఎనిమిదేళ్ళు ఎక్కువ అనుభవం. ఏది తప్పో నాకు తెలుసు," అన్నాను. గొంతు పెంచినట్టున్నాను. ఆవిడ కాగితం మడిచి, బాక్సు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ పన్నెండు రోజులకి ఇంకో పదమూడు రోజులు కలిసి, మనిషి సగమైంది. ఆమె మీద అరిచాను.


జూన్ 16

మేస్త్రి దగ్గరికి వెళ్ళలేదు.


జూన్ 18

మేస్త్రే వచ్చాడు. చంకలో ఒక సీటు వీపు పెట్టుకుని వచ్చాడు. రోజంతా కుట్టు మిషన్ పక్కన బతికేవాడు కాబట్టి మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఈ వీధిలో నాకు తేటగా అర్థమయ్యే మనిషి అతనొక్కడే.

"పెద్దన్నా, దీన్ని నా అటక మీద ఎన్నాళ్ళు పెట్టుకోను? తీసుకోండి. మీ బండి సీటుది."

"నా బండి సీటుకి ఏమొచ్చింది? బాగానే ఉందిగా."

"చిన్నన్న చేయించాడు. మీరు భోజనానికి ఇంటికెళ్ళినప్పుడు టేపు పట్టుకుని మీ బండిలో దూరేవాడు. కొలతలన్నీ తీసుకొచ్చాడు. వీపు వైపు స్పాంజి మొత్తం తీసేసి వల వెయ్యమన్నాడు. స్పీకర్ కొట్టింది కొట్టినట్టు మనిషికి తగలాలంట, మధ్యలో దిండు ఉండకూడదంట."

నేను సీటు వీపు తిప్పి చూశాను. నల్లటి వల, గట్టిగా లాగి కుట్టాడు. మంచి పని.

"మొండిఘటం అంటే ఎవరు?" అని అడిగాను.

నవ్వాలో వద్దో తెలియని మొహం పెట్టాడు. "ఈ వీధిలో ఆ సంగతి తెలియంది మీ ఒక్కరికే పెద్దన్నా."

సీటు వీపు నా ఒళ్ళో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. తరవాత అతనే చెప్పాడు. "చెవి పోతే పోయింది, అన్నయ్యకి వీపుంది కదా అన్నాడు. డాక్టరు దగ్గరికి రాడు, చెవికి మిషన్ పెట్టుకోడు, మొండిఘటం. బండిలో పాటలంటే మాత్రం ప్రాణం. చెవిలోంచి వెళ్ళని పాటని వీపులోంచి పంపిస్తా అన్నాడు. ఇది బిగించేసి, ఆయన పక్క సీట్లో కూర్చుని ఈ స్పీకర్లలోంచి పిలుస్తాను, అప్పుడు పలక్కుండా ఎక్కడికి పోతాడో చూస్తా అన్నాడు."

అతను వెళ్ళాక కాగితం మళ్ళీ విప్పాను. మొహాలు వీపుకి. బోల్టులు చట్రానికి, రబ్బరు లేకుండా, వణుకు మొత్తం ఎముకల్లోకి ఎక్కేలాగ. కటింగు నూట ఇరవై, మగగొంతు లోపలికి వచ్చేలాగ.

తప్పులు కావు. ఒక్కటీ తప్పు కాదు. అన్నీ నా కొలతలే.


జూన్ 19

వీపు సంగతి సరే. నా చెవి బాగానే ఉంది. మేస్త్రి మాటలు ఒక్కటి పొల్లుపోకుండా విన్నాను కదా. వాడు నా గురించి తప్పుగా అనుకున్నాడు, అంతే. గోడ వల్లే వినపడలేదు.

గోడ వల్లేనని తేల్చుకోవాలి.


జూన్ 21

తేల్చుకున్నాను.

మా ఆవిడ భోజనం పట్టుకొచ్చిన వేళకి మేస్త్రిని పిలిచాను. తమ్ముడి వైపు వెళ్ళి వాడి బల్ల దగ్గర నిలబడమన్నాను. "అక్కణ్ణుంచి పిలువు. నీ గొంతుతో కాదు, వాడు పిలిచినట్టు, మామూలుగా. గోడ ఎంత గట్టిదో చూద్దాం," అన్నాను. అతను ఒప్పుకోలేదు. వద్దు పెద్దన్నా, ఇప్పుడెందుకు అన్నాడు. నేను బతిమాలాను. చివరికి తల వంచుకుని వెళ్ళాడు. రెండు షట్టర్లూ తీసే ఉన్నాయి, ఆ రోజు లాగే.

నేను ఆ రోజు నిలబడిన చోటే నిలబడ్డాను. మా ఆవిడ గిన్నెలు దించి నా పక్కకి వచ్చింది. చూస్తున్నాను. మేస్త్రి ఇంకా మొదలుపెట్టలేదు. ఒక్క మాట పిలవడానికి ఇంతసేపా అని విసుగొచ్చింది. వెళ్ళి చూద్దామా అనుకుంటున్నాను.

మా ఆవిడ "ఆఁ" అంది.

ఆమె పెదాలు చూశాను. గోడ వైపు తిరిగి అంది. ఎందుకు అంటోందో ముందు అర్థం కాలేదు. నా మొహం చూసి ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు అర్థమైంది.

మేస్త్రి తిరిగి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎన్నిసార్లు పిలిచావు?"

"ఒక్కసారే."

"ఆ రోజు వాడు?"

అతను చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపించాడు. తరవాత దగ్గరికి వచ్చి చెప్పాడు. "మూడోసారికి నేను రోడ్డు దాటాను పెద్దన్నా. మొదటి రెండుసార్లూ మీరున్నారు కదా అనుకున్నాను. మీ పద్ధతి తెలుసు కదా. ఆయన పిలుస్తాడు, మీరు ఆఁ అంటారు. అందుకని కూర్చునే ఉన్నాను. నాదే తప్పు."

తనది తప్పని అతను ఏడుస్తున్నాడు. నేను అన్నం తినకుండా ఇంటికి వచ్చేశాను.


జూన్ 22

మిషన్ నడవలేదు.

ఆ రోజు నేను జిగురు పూస్తున్నాను. జిగురుకి చప్పుడుండదు.


జూన్ 24

రెండు రోజులు షెడ్డు తియ్యలేదు. ఇవాళ తీశాను. వెనక చెట్టు మీద పిట్ట ఉంది. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది. అవి మానెయ్యలేదన్నమాట.

వాడు పిలిచి ఎంతసేపు ఎదురుచూశాడో. 'ఆఁ' వచ్చేదాకా కదలకూడదని నేర్పింది నేను. మొదటిసారి పిలిచి ఆగి ఉంటాడు. రెండోసారి పిలిచి ఆగి ఉంటాడు. అన్నయ్యకి కోపం ఇంకా పోలేదు అనుకుని ఉంటాడు. గోడ బిగించిన రోజు నేను పలకలేదు కదా, అదే అనుకుని ఉంటాడు. వినపడలేదు రా. కోపం ఎప్పుడో పోయింది. కోపం కాదు, వినపడలేదు.

ఈ మాట చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం లేదు.


జూన్ 26

మొదటి బాక్సు పక్కన పడేశాను. మళ్ళీ చెయ్యాలంటే చెక్క చాలదు. ఇంకెక్కడికో వెళ్ళక్కర్లేదు, షెడ్డు మధ్యలో కావలసినంత ఉంది.

మరదలికి మెసేజి పెట్టాను, రమ్మని. వచ్చాక ముందు క్షమించమన్నాను, అరిచినందుకు. పెద్దవాళ్ళు అలా అనకూడదు బావగారూ అంది. తరవాత సంగతి మొత్తం చెప్పాను, మూడు వేళ్ళ సంగతితో సహా. ఆమె నేల మీద కూర్చుండిపోయింది. గోడ వైపు తిరిగింది. ఏమైనా అందేమో, నాకు తెలియదు. లేచి చీర దులుపుకుని, గోడకి ఆ చివర పట్టుకుంది. ఈ చివర నేను పట్టుకున్నాను. స్క్రూలు విప్పుకుంటూ వచ్చాం. బాగా కట్టాను వెధవ గోడని, విప్పడానికి సాయంత్రమైంది.

గోడకి తమ్ముడి వైపు మొహాన్ని నేను సరిగ్గా చూడటం ఇదే మొదటిసారి. రెండేళ్ళుగా దాన్ని పలకలా వాడుకున్నాడు. నిలువెల్లా పెన్సిలు లెక్కలు. మధ్యలో నా బండి కొలతలు, సీటు ఎత్తు, నా వీపు ఎత్తు. నా వీపు ఎప్పుడు కొలిచాడో తెలియదు. పక్కనే 'స్పీకర్ ఒళ్ళు కలపడం మర్చిపోకు' అని రాసుకున్నాడు. నేను వాణ్ణి తిట్టే తిట్టు అది.


జూలై 1

ఆ చెక్కతోనే కోశాను. పెన్సిలు రాతలున్న వైపు లోపలికి వచ్చేలాగ. ఒకే గది. నాలుగింటికీ ఒకే గాలి. వాడు చెప్పిందే. కింది స్పీకర్ల అయస్కాంతాలు ముందువాటికి గుద్దుకుంటాయేమోనని భయపడ్డాను, వాడు ముందే ఆలోచించి బొటనవేలంత పక్కకి జరిపాడు. ఆ జరుపు నాకు తట్టేది కాదు. పనిలో నన్ను దాటిపోయాడు వెధవ, గోడ అవతల కూర్చుని.

రూటర్ ఆన్ చేసే ముందు మరదలు కూర్చున్న వైపు చూశాను. ఆమె చెయ్యెత్తింది. అప్పుడు ఆన్ చేశాను.

వచ్చే సోమవారం చెవి డాక్టరు. మా ఆవిడ పక్కనే కూర్చుని ఈ మాట నాతో ఇక్కడ రాయించింది.


జూలై 4

బిగించాను. బోల్టులు చట్రానికి, రబ్బరు లేకుండా. చేతులు రెండుసార్లు రబ్బరు డబ్బా వైపు వెళ్ళాయి, ముప్పై ఏళ్ళ అలవాటు. మేస్త్రి వచ్చి సీటు వీపు ఎక్కించాడు. కటింగు నూట ఇరవై.

పదకొండు గంటలకి బండి షెడ్డు ముందు ఎండలో పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చున్నాను. వాడు కూర్చుంటానన్న పక్క సీట్లో మరదలు కూర్చుంది. వాడి బల్ల సొరుగులో దొరికిన పెన్‌డ్రైవు తెచ్చింది. ఏదైనా పాట పెట్టమంటారా అని చేత్తో అడిగింది. ఇదే పెట్టమన్నాను.

ముందు ఏమీ లేదు. ఎదర అద్దంలో ఎండ, రోడ్డు అవతల మేస్త్రి కుట్టు మిషన్ మీద చేతులు పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. మరదలు చటుక్కున తల దించుకుంది. ఆమె చెవిలోకి వెళ్ళిందన్నమాట, భర్త గొంతు.

ఆ వెంటనే నాకు తగిలింది. నడుము పైన, వెన్నుకి రెండు పక్కలా. అన్ - నయ్ - యా. వాడు చిన్నప్పుడు నా వీపెక్కి మాట్లాడితే ఎలా గరగర మనేదో అలాగే. చెవిలో ఏమీ లేదు. వీపంతా వాడే. నలభై అన్నాడు, అదీ తెలిసింది.

తరవాత ఖాళీ వచ్చింది. నాకోసం వదిలిన ఖాళీ.

"ఆఁ," అన్నాను.

మోత మొదలైంది. కాళ్ళ కింది నేల, సీటు, పక్కటెముకలు, అన్నీ కలిసి ఊగాయి. అది ఆగింది. మళ్ళీ పిలిచాడు, ముప్పై అయిదు. ఆఁ. ముప్పైకి పిలిచాడు. అది మూడో పిలుపు. నేను అనేలోగా ఖాళీ దాటిపోయి మోత వచ్చేసింది. మోత మధ్యలో అన్నాను, మరదలికి కూడా వినపడి ఉండదు.

వాడు అడిగిన రోజు అనాల్సిన 'ఆఁ' ఇది కాదు. అది నాకు తెలుసు. ఎన్నిసార్లు అన్నా ఇది ఇవతలే ఉంటుంది.

అయిపోయాక మరదలు కళ్ళు తుడుచుకుని, ఆపనా అన్నట్టు చూసింది.

మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నాను.